బ్యాక్‌స్టోరీలు నాలుగేసి పేజీలు, టేబుల్ దగ్గర మాత్రం ఎవరికీ ఏమీ అక్కర్లేదు

పాచికలపెట్టె (ప్రశ్న):

డీ అండ్ డీ (డంజియన్స్ అండ్ డ్రాగన్స్, గేమ్ మాస్టర్ ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు తలో పాత్ర ఆడే పాచికల ఆట) ఐదో ఎడిషన్, 2014 రూల్స్. నలుగురు ప్లేయర్లు, అందరూ మూడో లెవెల్. బ్యాక్‌స్టోరీ (క్యారెక్టర్ గతం) రాయమంటే నాలుగేసి పేజీలు రాసిచ్చారు. క్యారెక్టర్ షీట్ మీద ఐడియల్ (ఆదర్శం), బాండ్ (అనుబంధం), ఫ్లా (లోపం) గళ్లు కూడా నిండే ఉన్నాయి. తీరా సెషన్‌లో "ఇప్పుడేం చేస్తారు?" అంటే మొహమొహాలు చూసుకుని "క్వెస్ట్ ఎవరిస్తారు?" అని అడుగుతారు.

"నీ క్యారెక్టర్‌కి ఏం కావాలి?" అంటే వచ్చిన జవాబులు ఇవి. ఫైటర్ (యోధుడు): అమ్మానాన్నల్ని చంపినవాళ్ల మీద పగ. విజర్డ్: లోకంలోకెల్లా గొప్ప మాంత్రికురాలు కావాలి. రోగ్ (దొంగ): డబ్బు. క్లెరిక్ (పూజారిణి): నలుగురికీ మంచి చేయాలి.

అసలు కథ ఒక వెండిగని చుట్టూ తిరుగుతుంది. గనిలో చచ్చిపోయిన కూలీల శవాలు లేచి తిరుగుతున్నాయి. వెనక ఉన్నది గని యజమానే, ఆ సంగతి పార్టీకి (నలుగురు క్యారెక్టర్ల జట్టుకి) ఇంకా తెలియదు. వచ్చే మూడు సెషన్లూ గని పరిసరాల్లోనే.

ఈ నాలుగు కోరికల్నీ ఆటలో పనికొచ్చేలా ఎలా మార్చాలి? వాటికి ఎక్స్‌పీయో (లెవెల్ పెంచే అనుభవ పాయింట్లు) ఇన్‌స్పిరేషనో (పాత్రను బాగా ఆడితే ఇచ్చే, ఒకసారి పాచిక వేసేటప్పుడు పనికొచ్చే బహుమతి) ఇవ్వడం మంచిదేనా?


గళ్లకాగితం:

పగ, ఆశయం, ఆశ, దయ. వీటివల్ల క్యారెక్టర్ ఎలా మాట్లాడుతుందో తెలుస్తుంది గానీ రేపటి సెషన్‌లో ఏ తలుపు తడుతుందో తెలియదు. లక్ష్యం రాశాక దాన్ని మూడు ప్రశ్నలు అడగండి. అయిందో కాలేదో పక్కన కూర్చున్నవాడు చూసి చెప్పగలడా? చెయ్యిదాటిపోయే అవకాశం ఉందా? అడ్డుపడే మనిషికి ఒక పేరుందా? మూడింటిలో ఒక్కదానికి "లేదు" వచ్చినా అది టేబుల్ మీద కదలదు.

ఎక్కువమంది తప్పేది మూడోదాని దగ్గరే. "పోయిన గుడిని మళ్లీ కట్టాలి" వినడానికి బాగుంటుంది, కానీ ఎవరూ కాదనకపోతే అది రాళ్ల లెక్క, ఇటుకల లెక్క. ఆ స్థలం ఇప్పుడు ఒక వ్యాపారి గోదాం అయిందనుకోండి, అప్పుడు ఆట మొదలవుతుంది.

మీ నలుగురినీ ఒక్కొక్కరుగా చూద్దాం.

ఫైటర్. పగతో చిక్కేమిటంటే శత్రువు ఇరవయ్యో లెవెల్ దగ్గర ఎక్కడో ఉంటాడు, ఈరోజు చేయడానికి ఏమీ ఉండదు. కాబట్టి పగను వెనక్కి నడిపించండి. ప్లేయర్‌ని ఒకటే అడగండి: "ఆ రాత్రి వచ్చినవాళ్లలో ఒకడి గుర్తు చెప్పు." ఎడమచేతికి మూడువేళ్లే ఉన్నవాడు, అంటాడు. సరే, ఆ మూడువేళ్లవాడు ఇప్పుడు గని కాపలాదళంలో జీతానికి ఉన్నాడు. వాడి పేరేమిటో, వాడికి జీతమిచ్చేది ఎవరో గుమాస్తా గదిలోని జీతాల పుస్తకంలో ఉంది. లక్ష్యం ఇలా తేలింది: "జీతాల పుస్తకం చేజిక్కించుకుని మూడువేళ్లవాడి పేరు కనుక్కోవాలి." ఒక్క సెషన్ పని. పగ మాత్రం అలాగే నిలిచి ఉంటుంది.

విజర్డ్. "గొప్ప" అన్నాక ఎవరికంటే అన్న మాట రావాలి. తనతోపాటు చదువుకుని, తనకు రావలసిన చోటు కొట్టేసిన ఒక సహాధ్యాయి ఉందని పెట్టండి. గని అట్టడుగు గదిలో ఒక పాత మంత్రఫలకం ఉంది. గని యజమాని దాన్ని చదివించడానికి పిలిపించింది ఆ సహాధ్యాయినే. లక్ష్యం: "ఆమె చదవడం పూర్తయ్యేలోపు నేను ఫలకానికి నకలు తీసుకోవాలి."

రోగ్. డబ్బు అనేది లక్ష్యంగా చాలా బలహీనం, ఎందుకంటే మామూలుగా ఆడుతూపోతే ఎలాగూ వచ్చేది అదే. ఎంత, ఎవరికి, ఎప్పటిలోగా అన్నవి తేలాలి. ఎంత అన్నది గాల్లో చెప్పకండి, లెక్క కట్టండి. డంజియన్ మాస్టర్ పుస్తకంలో 0 నుంచి 4 ఛాలెంజ్ రేటింగ్ (శత్రువు ఎంత కష్టమో చెప్పే అంకె) వరకు నిధి పట్టిక చూస్తే నాణేల సగటు 2,100 రాగి, 1,050 వెండి, 70 బంగారం. అంతా బంగారంలోకి మారిస్తే 196. నలుగురూ పంచుకుంటే తలకు 49. రత్నాలు, కళాఖండాలు వేరు. ఇప్పుడు రోగ్ అప్పును 1,000 బంగారు నాణేలు అని పెడితే ఈ లెవెల్‌లో అది కొండ, ప్లేయర్ చేతులెత్తేస్తాడు. 50 అని పెడితే మొదటి పెట్టె తెరవగానే తీరిపోతుంది. 200 అని పెట్టండి. ఒక నిధి మొత్తం రోగ్ ఒక్కడికే ఇస్తే తప్ప గడువులోగా తీరదు. అంటే మిగతా ముగ్గురినీ నోరు తెరిచి అడగాలి, లేదా అడగకుండా తీసుకోవాలి. ఈ ఒక్క అంకె మీకు రెండు సెషన్ల సంభాషణ తెచ్చిపెడుతుంది. గడువు అమావాస్య. పూచీగా నిలబడింది చెల్లెలు.

క్లెరిక్. మంచి ఎవరికి, ఎవరి నష్టం మీద? లేచి తిరుగుతున్నవి ఒకప్పుడు పేర్లున్న మనుషులు. "కనీసం పదిమంది కూలీల పేర్లు తెలుసుకుని, పేరు పిలిచి అంత్యక్రియలు జరిపించాలి." పేర్లు ఎక్కడున్నాయి? అదే జీతాల పుస్తకంలో.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి, అసలు పట్టు ఇదే. ఫైటర్‌కి ఆ పుస్తకం గుట్టుగా కావాలి, మూడువేళ్లవాడికి అనుమానం రాకూడదు. క్లెరిక్‌కి అది ఊరందరి ముందూ చదవాలి. ఇద్దరిదీ న్యాయమే, వస్తువు ఒక్కటే. లక్ష్యాలు ఎదురుబొదురు ఉండక్కర్లేదు, ఒకే వస్తువు మీద రెండు రకాలుగా చెయ్యి వేస్తే చాలు.

ప్లేయర్ల చేత రాయించేటప్పుడు వాక్యం రెండు ముక్కలుగా ఉండాలి: మొదటి ముక్కలో నమ్మకం, రెండోదాంట్లో పని. "పేరు లేకుండా పాతిపెట్టిన మనిషికి శాంతి లేదు, అందుకని గుమాస్తా చేత ఆ పుస్తకం తెరిపిస్తాను." బర్నింగ్ వీల్ అనే ఆట ఆడేవాళ్లు తమ మూడు బిలీఫ్‌లనూ (నమ్మకాలనూ) ఇంచుమించు ఈ పద్ధతిలోనే రాస్తారు. పని పూర్తయినా నమ్మకం మిగులుతుంది, దాంట్లోంచి తర్వాతి పని పుడుతుంది.


అరసెషన్:

పై జవాబుకు చిన్న చేర్పు. నాలుగు పేజీల బ్యాక్‌స్టోరీ పక్కన పెట్టించి పోస్టుకార్డంత అట్టముక్క ఇవ్వండి. దానిమీద మూడే వాక్యాలు: దూరపు లక్ష్యం ఒకటి, దగ్గరివి రెండు. క్రానికల్స్ ఆఫ్ డార్క్‌నెస్ అనే ఆటలో యాస్పిరేషన్ల (లక్ష్యాల) లెక్క ఇదే. ఒకటి నెరవేరితే ఒక బీట్ (చిన్న పాయింటు), ఐదు బీట్‌లయితే ఒక ఎక్స్‌పీరియన్స్. అట్టముక్క మడిచి ప్లేయర్ ముందు నిలబెట్టాలి, అక్షరాలు అవతలివాళ్లకు కనబడేలా. షీట్ వెనక రాసుకున్న లక్ష్యం మూడో సెషన్‌కి రాసినవాడికే గుర్తుండదు.

రాయించే సమయం కూడా ముఖ్యం. మౌస్ గార్డ్ అనే ఆటలో ప్లేయర్లు గోల్ రాసేది మిషన్ ఏమిటో విన్న తర్వాతే, అదీ ప్రతి సెషన్‌కీ కొత్తది. గని సంగతి తెలియకముందు రాయిస్తే అది గనికి అతకదు, అతికించే పని మీ నెత్తిన పడుతుంది.


మూడోగంట:

రివార్డు ప్రశ్నకు ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి అది నేను అందుకుంటాను.

2014 ఇన్‌స్పిరేషన్ ఎందుకు పనిచేయదో ముందు చూడండి. అది ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు, రెండు దాచుకోవడం కుదరదు. దాంతో ప్లేయర్ దాన్ని "పెద్ద ఫైట్‌కి" అని అట్టేపెడతాడు, ఉన్నది ఖర్చు కాదు కాబట్టి మీరు కొత్తది ఇవ్వలేరు, నాలుగు సెషన్ల తర్వాత ఇద్దరూ మరచిపోతారు. పైగా నలుగురి ఐడియల్, బాండ్, ఫ్లా అన్నీ గుర్తుపెట్టుకుని చూడాల్సింది గేమ్ మాస్టర్ ఒక్కడే. 2024 రూల్స్‌లో దాన్ని హీరోయిక్ ఇన్‌స్పిరేషన్ చేసి, అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం) బదులు వేసిన డై మళ్లీ వేసుకోవచ్చన్నారు. బ్యాక్‌గ్రౌండ్‌లలోంచి ఐడియల్, బాండ్, ఫ్లా పట్టికల్నే తీసేశారు. అంటే లక్ష్యాల బాధ్యత ఇప్పుడు పూర్తిగా మీ టేబుల్‌దే.

చూసే పనిని మీ మీదనుంచి దింపండి. బ్లేడ్స్ ఇన్ ద డార్క్ అనే ఆటలో సెషన్ చివర ప్లేయరే తన షీట్ మీది ప్రశ్నలు చదివి ఎక్స్‌పీ గుర్తు పెట్టుకుంటాడు. మీరూ చివరి పది నిమిషాలు దానికి ఉంచండి. ఒక్కొక్కరు అట్టముక్క చదివి, ఈరోజు దానికోసం ఏం చేశారో ఒక్క వాక్యంలో చెబుతారు. మిగతా ముగ్గురూ ఔనంటే ఇచ్చేయాలి.

ఎంత ఇవ్వాలి? మూడో లెవెల్ 900 ఎక్స్‌పీ దగ్గర మొదలై నాలుగు 2,700 దగ్గర వస్తుంది, మధ్య దూరం 1,800. మూడో లెవెల్ క్యారెక్టర్‌కి సులువైన ఫైట్ 75, మధ్యస్థం 150, కష్టం 225. దగ్గరి లక్ష్యానికి 75, దూరపుదానికి 225 పెట్టండి, ఎవరిది తీరినా నలుగురికీ ఇవ్వండి. ఒక్కరికే ఇస్తే రెండు నెలల్లో లెవెళ్లు ఎగుడుదిగుడవుతాయి. నలుగురికీ ఇస్తే ఒకరి లక్ష్యానికి మిగతావాళ్లు తమంతట తామే సాయపడతారు.

ఒక జాగ్రత్త. నెరవేరితేనే రివార్డు అంటే అందరూ సులువైన లక్ష్యాలే రాస్తారు. ప్రయత్నించి, దానికోసం ఏదో పోగొట్టుకున్నా ఇవ్వాలి.


ఉలిపికట్టె:

మూడోగంట గారితో పూర్తిగా ఏకీభవించను. ఎక్స్‌పీ పెట్టగానే అట్టముక్క చెక్‌లిస్ట్ అయిపోతుంది. క్లెరిక్ ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరికి అంత్యక్రియలు చేసి మీ వైపు చూస్తుంది. లక్ష్యానికి అసలు జీతం లోకం మారడమే. పుస్తకం ఊరి ముందు చదివారా, మర్నాడు కూలీలు పనిలోకి దిగకూడదు, గనిలో దీపాలు వెలగకూడదు, యజమాని కబురు పంపాలి. ఇంత జరిగాక 75 ఎక్స్‌పీ ఎవడికి కావాలి?

ప్లేయర్లు వెళ్లకపోయినా అవతలివాళ్ల పని సాగాలి. దానికి క్లాక్ గీయండి, ఒక వృత్తాన్ని ఆరు ముక్కలు చేస్తే చాలు. సహాధ్యాయి ఫలకం చదవడం ఆరు ముక్కల క్లాక్. పార్టీ గనికి రాని ప్రతి రోజుకూ ఒక ముక్క నింపండి, తెల్లారేదాకా విశ్రాంతి తీసుకున్నా సరే. అందరికీ కనబడేలా టేబుల్ మీద పెట్టి నింపండి. దాచిన క్లాక్ ఎవరినీ తొందరపెట్టదు.

ప్లేయర్ల దీర్ఘకాలపు పనులకూ ఇదే. బ్లేడ్స్‌లో పెద్ద ప్రాజెక్టుకు సాధారణంగా ఎనిమిది ముక్కల క్లాక్. డైస్‌లో పెద్ద అంకె 1 నుంచి 3 వరకు అయితే ఒక ముక్క, 4 లేదా 5కి రెండు, 6కి మూడు, రెండు ఆర్లు పడితే ఐదు. ఒక్కటి పడినా ఒక ముక్క నిండుతుంది, చూశారా. "ఏమీ జరగలేదు" అన్న ఫలితమే అందులో లేదు. డీ ట్వెంటీ (ఇరవై ముఖాల పాచిక) ఆటల్లో సొంత లక్ష్యాలు అటకెక్కేది సరిగ్గా అక్కడే: లైబ్రరీలో మూడు రోజులు వెతికాడు, 7 పడింది, ఏమీ దొరకలేదు. ఆ ప్లేయర్ మళ్లీ లైబ్రరీ మాట ఎత్తడు. తక్కువ పడితే సమాచారం దొరకాలి, దానితోపాటు ఒక తలనొప్పి కూడా రావాలి.


మూడోగంట:

లోకం మారాలన్నది ఒప్పుకుంటాను. చెక్‌లిస్ట్ సంగతికి మందు ఉంది: ఒక లక్ష్యానికి ఒక్కసారే రివార్డు, అది తీరగానే అట్టముక్క మీద కొట్టేయాలి. క్లెరిక్ రెండో ఊళ్లో చేసిన అంత్యక్రియలకు పుణ్యం వస్తుంది, ఎక్స్‌పీ రాదు.


గళ్లకాగితం:

ఎక్కడెక్కడ చెడుతుందో కూడా చెప్పుకుందాం, ఎందుకంటే లక్ష్యం బాగా రాసినా నడిపేటప్పుడు పోగొట్టుకోవచ్చు.

మొట్టమొదటిది గేమ్ మాస్టర్ల పాపమే. ప్లేయర్ బ్యాక్‌స్టోరీలో అన్న ఉన్నాడని రాస్తే ఆ అన్నను చంపడమో, బందీ చేయడమో, ద్రోహిగా తేల్చడమో చేస్తాం. రెండుసార్లు అలా జరిగాక ప్లేయర్ తర్వాతి క్యారెక్టర్‌ని అనాథగా, ఒంటరిగా, ఏ ఊరూ లేనివాడిగా రాసుకొస్తాడు. అంతా అనాథలే ఎందుకొస్తారని విసుక్కుంటాం గానీ, పోగొట్టుకునేది ఏదీ రాయకపోతేనే క్షేమమని నేర్పింది మనమే. రోగ్ చెల్లెలు పూచీకత్తుగా ఉంది కదా, ఆమెను మొదట రెండుసార్లు ఉపయోగపడే మనిషిగా చూపించండి. ఒక కబురు మోసుకురావాలి, ఒకసారి తలుపు తెరిచిపెట్టాలి. ఆ తర్వాతే ఆపద.

రెండోది, అందరి శత్రువూ గని యజమానే అని తేల్చడం. నలుగురిలో ఇద్దరి లక్ష్యాలు అసలు కథతో నేరుగా ముడిపడితే చాలు. నాలుగూ అక్కడే తేలితే అది యాదృచ్ఛికమని ఎవరూ నమ్మరు, పైగా గని ముగిసిన రోజే అందరి కోరికలూ ముగుస్తాయి. రోగ్ అప్పు గనితో సంబంధం లేకుండానే ఉండనివ్వండి. సంబంధమల్లా దారిలో ఉండటమే.

రహస్య లక్ష్యాలు. "నా సంగతి ఎవరికీ తెలియకూడదు" అనే ప్లేయర్ సాధారణంగా సీన్లు పోగొట్టుకుంటాడు, ఎందుకంటే మిగతావాళ్లు దానిమీద ఏమీ కట్టలేరు. క్యారెక్టర్ల మధ్య రహస్యంగా ఉండనివ్వండి, ప్లేయర్లందరికీ తెలియనివ్వండి. తెలిసి తెలియనట్టు ఆడటంలో ఉన్న మజా బయటపడటంలో లేదు.

ఇక సొంత సీన్ ఎంతసేపు? మూడు గంటల సెషన్‌లో ఒకరికి పది నిమిషాలు, మరీ అయితే పదిహేను. దానికి మించితే మిగతా ముగ్గురూ ఫోన్లు తీస్తారు. అందులోనూ ఇంకొకరిని లాగండి. రోగ్ వడ్డీవ్యాపారి దగ్గరికి వెళ్తే వాకిట్లో కాపలా కాస్తున్నది మూడువేళ్లవాడి తమ్ముడు, అప్పుడు ఫైటర్‌కి వెంట వెళ్లడానికి కారణం ఉంటుంది. ప్రతి సెషన్‌లో నాలుగు లక్ష్యాలూ రానక్కర్లేదు, రెండు చాలు. కానీ వరసగా రెండు సెషన్లు ఎవరిదీ తప్పిపోకూడదు. దీనికి గళ్లకాగితం చాలు (పేరు పెట్టుకున్నందుకు చెప్పక తప్పదు): అడ్డంగా రాబోయే మూడు చోట్లు, నిలువుగా నాలుగు క్యారెక్టర్లు. ఖాళీ వరస కనబడిందా, అక్కడ ఒక మనిషినో వస్తువునో పెట్టండి.


పాచికలపెట్టె:

అందరికీ థ్యాంక్స్. పుస్తకం ఒక్కటే పెట్టి ఇద్దర్ని ముడివేయడం తట్టనే లేదు. ప్లేయర్లను అడిగి మళ్లీ రాయించాను, రెండు చోట్ల ఇంకా తేడాగా ఉంది.

విజర్డ్ ప్లేయర్ ఉత్సాహంగా "ఇలాంటి ఏడు ఫలకాలున్నాయి, ఏడూ సేకరించాలి" అని రాసింది. వద్దనాలా? ఇంకొకటి, క్లెరిక్ ప్లేయర్‌కి లక్ష్యాలంటేనే ఇష్టం లేదు. "నేను పాచికలు వేసి శవాల్ని కొట్టడానికి వస్తాను, బలవంతం చేయకండి" అంటోంది.


అరసెషన్:

క్లెరిక్‌ని వదిలేయండి. అందరికీ లక్ష్యం ఉండి తీరాలన్న రూలేమీ లేదు. అలాంటివాళ్లకు లక్ష్యం బదులు పక్క క్యారెక్టర్‌తో ఒక ముడి ఇవ్వండి. డంజియన్ వరల్డ్ అనే ఆటలో బాండ్‌లు ఖాళీలున్న వాక్యాలుగా ఉంటాయి, ఖాళీలో తోటి క్యారెక్టర్ పేరు రాస్తే చాలు. బాండ్ తేలిపోయిందని సెషన్ చివర ఇద్దరూ అనుకుంటే ఒక ఎక్స్‌పీ, కొత్త బాండ్. ఆమెను ఒక్క ప్రశ్న అడగండి: "ఈ పార్టీలో ఎవరి మాట కాదనలేవు?" ఫైటర్ అందనుకోండి, పని అయిపోయినట్టే. ఫైటర్ ఎటు నడిస్తే అటు క్లెరిక్ నడుస్తుంది, ఆమె కొట్టాలనుకున్న శవాలు దారిలోనే ఉన్నాయి. అంత్యక్రియల ఆలోచనను గనికూలీల్లో ఒకరి నోట అడిగించండి. నచ్చితే అందుకుంటుంది, లేకపోతే లేదు. అప్పుడు పుస్తకం ఊరిముందు చదవమని పట్టుబట్టేది ఆ కూలీ అవుతాడు, ఫైటర్ ఇరకాటం అలాగే ఉంటుంది.


ఉలిపికట్టె:

ఏడు ఫలకాలు వద్దనకండి, కానీ ఏడు అన్న అంకెను పట్టించుకోకండి. సేకరణ లక్ష్యం బజారు చీటీ లాంటిది: మూడోదానికల్లా నాలుగోది ఎలా ఉంటుందో అందరికీ తెలిసిపోతుంది. మొదటిది దొరికాక అందులో ఏముందో చదవనివ్వండి, రెండోదాని చోటు చెప్పేముందు ఒక ప్రశ్న ఎదురు పెట్టండి. రెండో ఫలకం సహాధ్యాయి దగ్గరే ఉంది, తనది చూపిస్తే నీదీ చూపించమంటోంది. ఇస్తుందా, ఇవ్వదా? ఈ ఒక్క బేరం మిగతా ఐదు ఫలకాలకంటే ఎక్కువ ఆడిస్తుంది. ఆ బేరం తర్వాత ఆమె ఏడింటి మాట ఎత్తకపోతే మీరూ ఎత్తకండి.

క్లాక్ నిండిపోయి సహాధ్యాయే ముందు చదివేసిందనుకోండి, ఫలకాన్ని పగలగొట్టించకండి. ఓడిపోయిన లక్ష్యానికి తలుపు మూసేస్తే ప్లేయర్ ఇంకోటి రాయడు. నకలు ఆమె దగ్గరుంది, ఆమె బస ఎక్కడో గుమాస్తాకి తెలుసు.


గళ్లకాగితం:

దానికి ఒకటి కలుపుతాను. లక్ష్యం తీరిన సెషన్‌లోనే కొత్తది రాయించవద్దు. అట్టముక్క మీద కొట్టేసి, ఆ గడిని ఒక సెషన్ ఖాళీగా ఉంచండి. మూడువేళ్లవాడి పేరు తెలిసిన రాత్రి ఫైటర్ ఏం చేస్తాడో ప్లేయర్‌కే ఇంకా తెలియదు. వచ్చే వారం మొదట్లో అడగండి, ఆ పేరు పక్కన ఇంకెవరి సంతకం ఉందో అప్పుడు చూపించండి.